మామిడి చెట్ల నడుమ మేత గడ్డి: విత్తనం ఎంపిక, విత్తే పద్ధతి

(నూజివీడు మెట్ట ప్రాంతపు పాల ఉత్పత్తిదారుల సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను గడ్డి గురించి మాట్లాడమన్నారు. గడ్డి గురించి మాట్లాడేదేముంది, అది దేవుడిచ్చేదే గదా అని మనలో చాలామంది అనుకుంటాం. వరి విత్తనం గురించి పదిమందిని అడుగుతాం. మిరప నారుకు ఊళ్లు తిరుగుతాం. గడ్డి విత్తనం మాత్రం ఎవరేది ఇస్తే అది తెచ్చి చల్లి, మొలవకపోతే మన నేల మంచిది కాదనుకొని ఊరుకుంటాం. నేల తప్పు కాదు, పద్ధతి తప్పు అని చెప్పడానికే ఈ రోజు మీ ముందుకు వచ్చాను.

మన నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ప్రాంతం మామిడికి పేరుపొందింది. 2022లో ఇవన్నీ కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాలో చేరాయి. జిల్లా మారినా మన బతుకు మారలేదు. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు ఏడాదికి ఒక్కసారి చేతికి వస్తాయి. పూత నిలిస్తే కాపు, కాపు నిలిస్తే ధర, ధర నిలిస్తే అప్పు తీరడం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ ఏడు ఇల్లు గడిపేది గేదె. పాల బిల్లు నున్న మార్కెట్టు ధర మీద ఆధారపడి ఉండదు. మామిడి సొమ్ము ఇంటి యజమాని చేతికి వస్తే, పాల సొమ్ము చాలా ఇళ్లలో ఇల్లాలి చేతికి వస్తుంది. పిల్లల ఫీజులు, మందులు, పండుగ బట్టలు దానిలోంచే.

అలాంటి గేదెకు మనం ఏం పెడుతున్నాం? డెల్టా నుండి లారీల మీద వచ్చే వరిగడ్డి పెడుతున్నాం. వరిగడ్డితో కడుపు నిండుతుంది గాని పాలు రావు. దానిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లు మాత్రమే. ఆ లోటు తీర్చడానికి తవుడు, తెలగపిండి, దాణా కొంటాం. సంఘం ఇచ్చిన డబ్బులో పెద్ద భాగం తిరిగి దాణా కొట్టుకే పోతుంది. డెల్టా రైతులకు వరి కోతకు ముందు చేలో చల్లే పిల్లిపెసర, జనుము ఉన్నాయి. కాలవ నీరు తగ్గినా ఆ తేమతోనే అవి ఎదుగుతాయి. మన ఎర్ర చెలకల్లో ఆ వసతి లేదు. మనకున్నది మామిడి చెట్ల నడుమ ఖాళీగా పడి ఉండే నేల. వాన పడగానే దానిలో తుంగ, వయ్యారిభామ మొలుస్తాయి. కూలి పెట్టి వాటిని దున్నిస్తాం. ఆ చోటే మనకు పచ్చిమేత ఇవ్వగలదు.

నేను చేసిన పొరపాటు

ముందుగా నా సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట నేను కూడా ఒకచోట గినీ గడ్డి విత్తనం కొన్నాను. సంచి మీద చీటీ లేదు, బిల్లు అడగలేదు. తొలకరి పడగానే జొన్న విత్తినట్లే నాగలి వెంట సాళ్లలో వేయించి, పైన గుంటక తోలించాను. నెల రోజులు ఎదురుచూశాను. మొలిచింది తుంగే. అక్కడొకటి ఇక్కడొకటి గడ్డి మొక్క కనబడితే దానిని కూడా కలుపే అనుకొని పీకేశారు కూలివారు. ఆ మేతను నమ్ముకొని గడ్డి వాము చిన్నది వేసుకున్నాను. సంక్రాంతి దాటేసరికి వాము అయిపోయింది. చూడి గేదెను అయినకాడికి అమ్ముకోవలసి వచ్చింది. మరుసటి నెలలో అది ఈనిందని, పూటకు బాగా పాలిస్తోందని కొన్నాయన చెప్పినప్పుడు మా ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

తరువాత తెలిసిన వారిని అడిగి ఆలోచిస్తే నేను చేసిన తప్పులు మూడు కనబడ్డాయి. ఒకటి, విత్తనం మొలుస్తుందో లేదో పరీక్షించలేదు. రెండు, లోతుగా వేశాను. మూడు, ఎదిగే మొక్కను గుర్తుపట్టి కాపాడలేదు. ఈ మూడూ సరిదిద్దుకున్న ఏడాది అదే తోటలో, అదే నేలలో గడ్డి వచ్చింది. ఇక వివరాల్లోకి వస్తాను.

ఏ గడ్డి వేయాలి?

గడ్డి జాతులు చాలా ఉన్నాయి. పట్టణాల్లో బంగళాల ముందు పెంచే పచ్చికకు మన గరిక వంటిదే చాలు. అది కాళ్ల కింద మెత్తగా ఉండటానికి గాని గేదె కడుపు నింపడానికి కాదు. మనకు కావలసిన గడ్డికి మూడు లక్షణాలుండాలి. చెట్టు నీడను ఓర్చుకోవాలి. ఒకసారి వేస్తే కొన్నేళ్లు ఉండాలి. కోసిన కొద్దీ చిగుర్చాలి.

ఈ మూడూ గినీ గడ్డికి ఉన్నాయి. ఆఫ్రికా నుండి వచ్చిన ఈ గడ్డి దుబ్బుగా పెరుగుతుంది. ఆకు వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. పల్చటి నీడలో బాగా ఎదుగుతుంది. లేత వయసులో కోస్తే దాని ఎండు పదార్థంలో మాంసకృత్తులు నూటికి ఎనిమిది నుండి పది పాళ్లు ఉంటాయి.

దానికి తోడుగా స్టైలో వేయండి. ఇది గడ్డి కాదు, పప్పుజాతి మొక్క. మన పెసర, మినుముల మాదిరే వేళ్ల బుడిపెల ద్వారా గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తుంది. మాంసకృత్తులు గినీ గడ్డిలో కంటే ఎక్కువ. ఎర్ర నేలకు, బీద నేలకు తట్టుకుంటుంది. మన రాష్ట్రంలోనే అనంతపురం ప్రాంతపు రైతులు దీని విత్తనం పండించారు. అంత తక్కువ వాన పడేచోట పెరిగిన మొక్కకు మన మెట్ట కష్టం కాదు. అయితే దట్టమైన నీడ దీనికి పనికిరాదు. కనుక రెండు చెట్ల వరుసలకు సరిగ్గా నడుమ, ఎండ తగిలే చోట వేయాలి.

హైబ్రిడ్ నేపియర్ సంగతి చాలామంది అడుగుతారు. మంచి మేతే. కాని దానికి నీరు, ఎరువు బాగా కావాలి, ఎండ కావాలి. బోరు దగ్గర విడిగా పది సెంట్లలో వేసుకోండి, మామిడి చెట్ల నడుమ వద్దు. ఇంకొక ముఖ్యమైన మాట. సజ్జకు, నేపియర్ గడ్డికి సంకరం చేసి పుట్టించిన ఈ గడ్డికి మొలిచే గింజ ఉండదు. కణుపులున్న కాడ ముక్కలు, పిలకలు మాత్రమే నాటాలి. నేపియర్ విత్తనమని పొట్లం చేతిలో పెట్టి ఎవరైనా అమ్మజూపితే ఆ పొట్లం వారికే తిరిగి ఇచ్చేయండి.

చెట్లు లేని చోట, ఆరుబయట పలుమార్లు కోతకు వచ్చే పశుగ్రాసపు జొన్న వేసుకోవచ్చు. లేత జొన్నలోను, వాన లేక వాడిన జొన్నలోను విషముంటుందని మన పెద్దలకు తెలిసిందే. పూతకు రాకముందు దానిని మేపకండి. గినీ గడ్డిలో ఆ భయం లేదు.

విత్తనం కొనేటప్పుడు

గడ్డి విత్తనం వడ్ల వంటిది కాదు. గినీ గడ్డి కంకిలో గింజలన్నీ ఒకేసారి పండవు. పైవి పండి రాలిపోతుంటే కిందివి ఇంకా పాలలోనే ఉంటాయి. అందువల్ల కోసి దులిపిన విత్తనంలో తాలు ఎక్కువ. ధాన్యానికి నూటికి ఎనభై మొలవాలని ప్రభుత్వ ప్రమాణం ఉంటే, గినీ గడ్డికి ఆ ప్రమాణమే నూటికి ఇరవై. ఇది తెలియక చాలామంది మొదటి ఏడే నిరాశపడతారు.

కనుక కొనేటప్పుడు ఈ జాగ్రత్తలు తీసుకోండి.

సంచికి చీటీ ఉండాలి. దాని మీద రకం పేరు, లాటు నంబరు, శుద్ధత, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ ఉండాలి. బిల్లు తప్పక తీసుకోండి, పంట మొలిచేవరకు చీటీ, బిల్లు, గుప్పెడు విత్తనం దాచి ఉంచండి. వీలైతే సభ్యులందరికీ కలిపి సంఘం తరఫునే తెప్పించుకోవడం మేలు. కేంద్ర ప్రభుత్వపు ప్రాంతీయ పశుగ్రాస కేంద్రం హైదరాబాదు దగ్గర మామిడిపల్లిలో ఉంది. 1963లో ఏర్పడిన జాతీయ విత్తన సంస్థ ఉంది. మన పశువైద్యశాలలో అడిగినా దారి చెబుతారు. పదిమంది కలిసి అడిగితే దొరికే విత్తనం ఒక్కరు అడిగితే దొరకదు.

గింజను అరచేతిలో వేసి నలిపి ఊదండి. పొట్టు ఎగిరిపోయి చేతిలో గట్టి గింజ మిగలాలి. ఏమీ మిగలకపోతే మీరు కొన్నది ఊక.

ఏ ఏడు కోసిన గింజో అడగండి. ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. అప్పుడే కోసిన గినీ గడ్డి గింజ మొలవదు. కొన్ని నెలలు నిద్రలో ఉంటుంది. అలాగని మరీ పాతబడినా చచ్చిపోతుంది. కార్తీకంలో కోసి పొడి చోట నిలవచేసిన గింజ మృగశిరకు సరిగ్గా సరిపోతుంది. నిరుటి గింజ కొనండి గాని ఎప్పటిదో తెలియని గింజ కొనకండి.

ఇంట్లోనే మొలక పరీక్ష

ఇక అన్నింటికంటె ముఖ్యమైనది మొలక పరీక్ష. దీనికి ఏ పరికరమూ అక్కరలేదు. ఒక వెడల్పు మూకుడులో శుభ్రమైన ఇసుక పోసి తడపండి. తాలు ఊదేసిన గింజలు నూరు లెక్కబెట్టి, ఆ తడి ఇసుక మీద పరచి, కనీకనబడనంత పల్చగా ఇసుక చల్లండి. వెలుతురు తగిలే చోట, ఎండ పడని చోట ఉంచండి. పిల్లలకు అప్పగిస్తే వారే రోజూ నీరు చిలకరించి, మొలిచినవి లెక్కబెట్టి తీసివేస్తారు. వడ్లు మూడు రోజుల్లో మొలకెత్తుతాయి, ఈ గింజలకు మూడు వారాలు గడువివ్వాలి. అందుకే విత్తనం మే నెల మొదట్లోనే కొనాలి. తొలకరి పడ్డాక కొంటే పరీక్షకు సమయం ఉండదు.

నూటికి ముప్పై మొలిస్తే మంచి విత్తనం. ఇరవైకి తగ్గితే తిరిగి ఇచ్చేయండి. ధర తక్కువని ఆశపడకండి. లెక్క చూడండి. ఇవి లెక్కకోసం చెబుతున్న ధరలు మాత్రమే. ఒక విత్తనం కిలో 600 రూపాయలు, నూటికి ముప్పై మొలుస్తుంది. అంటే కిలోలో 300 గ్రాములు పనికొచ్చేవి, గ్రాము 2 రూపాయలు. ఇంకొకటి కిలో 300 రూపాయలే, కాని నూటికి పదే మొలుస్తుంది. కిలోలో 100 గ్రాములే పనికొస్తాయి, గ్రాము 3 రూపాయలు. సగం ధర విత్తనమే ఎక్కువ ధర అయింది. దానిపైన దుక్కి, కూలి, పోయిన అదను ఎవరిస్తారు?

స్టైలో గింజకు వేడినీళ్ల స్నానం

స్టైలో గింజ తీరు వేరు. అది చచ్చినది కాదు, నిద్రలోనూ లేదు. పైన గట్టి పెంకు ఉంటుంది, నీరు లోపలికి పోదు. అలాగే విత్తితే కొన్ని ఈ ఏడు, కొన్ని పై ఏడు మొలుస్తాయి. దీనికి వేడినీళ్లే మందు. 80 డిగ్రీల వేడినీటిలో నాలుగు నిమిషాలు ఉంచాలి. కొలిచే సాధనం లేకపోతే మూడు చెంబుల మరిగే నీటిలో ఒక చెంబు మామూలు నీళ్లు కలపండి, దాదాపు ఆ వేడికి వస్తుంది. గింజలను పల్చటి గుడ్డలో వదులుగా మూటకట్టి అందులో ముంచి, గడియారం చూసి నాలుగు నిమిషాలకు తీసి, వెంటనే చన్నీళ్లలో వేసి రాత్రంతా నాననివ్వండి. తెల్లవారి నీడలో ఆరబెట్టి ఆ రోజే విత్తండి. పొయ్యి మీద నీరు మరుగుతుండగా మాత్రం గింజ వేయకండి, ఉడికిపోతుంది.

ఎంత నేల, ఎంత విత్తనం?

మన పాత తోటల్లో చెట్టుకూ చెట్టుకూ 10 మీటర్ల ఎడం ఉంటుంది. చెట్ల వరుసకు ఇటు రెండు మీటర్లు, అటు రెండు మీటర్లు వదలండి. అది చెట్టు సొత్తు, పాదుకు, ఎరువుకు, కాయ కోసేవారు తిరగడానికి. మిగిలిన నడుమ పట్టె ఆరు మీటర్లు. ఆ లెక్కన ఎకరం తోటలో 60 సెంట్లు గడ్డికి దొరుకుతుంది. పట్టెలో మూరెడు ఎడంతో పన్నెండు సాళ్లు పడతాయి. నడుమ మూడు సాళ్లు స్టైలో, అటూ ఇటూ తొమ్మిది సాళ్లు గినీ గడ్డి. ఇందుకు బాగా మొలిచే గినీ విత్తనం అరకిలో, స్టైలో 400 గ్రాములు చాలు.

కొమ్మలు కొమ్మలు కలిసి కింద ఎండ పడని ముసలి తోటలోను, ఐదు మీటర్ల ఎడంలో ఒత్తుగా నాటిన కొత్త తోటలోను గడ్డి వేయకండి. అక్కడ గట్ల మీద వేసుకోండి. నాటి ఐదారేళ్లయిన తోటలే దీనికి అన్నింటికంటె అనుకూలం.

విత్తడం

రోహిణిలో ఒకసారి, తొలకరికి ఇంకొకసారి దున్ని కలుపు మొలవనివ్వండి. మొలిచిన కలుపును పైపైన గుంటకతో చంపి ఆ తరువాత విత్తితే సగం కలుపు బాధ తగ్గుతుంది. పెడ్డలు లేకుండా మట్టి మెత్తగా ఉండాలి. మామిడి వేళ్లు తెగేలా లోతు దుక్కి వద్దు. బాగా చివికిన పశువుల ఎరువు వేయండి.

అదను మృగశిర చివర నుండి ఆరుద్ర వరకు, అంటే జూన్ నెల రెండో సగం. ఒక వాన పడి ఆగితే తొందరపడకండి. నేల జానెడు లోతు తడిసి, మబ్బు నిలిచినప్పుడు విత్తండి. మొలక వచ్చాక వారం పది రోజుల ఎండ తగిలితే ఇంత సన్నటి మొలక నిలవదు.

గినీ గింజ ఆవగింజ కంటె తేలిక, కిలోకు లక్షల గింజలుంటాయి. చేతితో నేరుగా వేస్తే ఒకచోట కుప్ప, ఒకచోట ఖాళీ. ఒక పాలు విత్తనానికి పది పాళ్లు పొడి ఇసుక కలిపి, కర్రతో గీసిన సన్నటి గాడిలో మూడు వేళ్లతో జారవిడవండి. లోతు అర అంగుళానికి మించకూడదు. గింజ ఎంత చిన్నదో దాని దుప్పటి అంత పల్చగా ఉండాలి. పైన మట్టి కప్పడానికి గుంటక వద్దు. ఒక ముళ్లకంప తేలికగా ఈడిస్తే చాలు. నేను రెండు అంగుళాల లోతున వేశానని చెప్పాను గదా, ఆ మొలక పైకి రాలేక మట్టిలోనే చచ్చింది.

ఇంతకంటె నమ్మకమైన పద్ధతి ఇంకొకటి ఉంది. మిరప నారు పోసినట్లే బోరు దగ్గర ఒక సెంటు మడి కట్టి మే నెలాఖరున గినీ గింజలు పల్చగా పోసి, రోజూ తడి ఇచ్చి నారు పెంచండి. ఐదారు వారాలకు ఆ నారు తీసి, వానలు నిలకడగా పడుతుండగా మూరెడు మూరెడు ఎడంతో నాటండి. కూలి కొంత ఎక్కువైనా విత్తనం తక్కువ పడుతుంది, కలుపును, గడ్డిని పోల్చుకోవడం తేలిక. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను ఇదే చెబుతాను.

మొదటి రెండు నెలలు

విత్తిన నెలలోపు ఒకసారి, మళ్లీ మూడు వారాలకు ఒకసారి కలుపు తీయాలి. కూలివారు దిగకముందు మూకుడులో మొలిచిన మొక్కలు తెచ్చి చూపండి, ఇది ఉంచవలసినది, మిగిలినవి తీయవలసినవి అని. మొదటి ఏడు పశువులను తోటలోకి తోలకండి. వేళ్లు పట్టని దుబ్బును గేదె మేయదు, పీకేస్తుంది.

నాటిన 60 నుండి 75 రోజులకు మొదటి కోత వస్తుంది. కొడవలితో నేలకు నాలుగైదు అంగుళాలు వదిలి కోయాలి. మొదలంటా కోస్తే చిగురు రాదు. తరువాత ప్రతి 40, 45 రోజులకు కోయండి. కంకి వేసేదాకా ఉంచితే బరువు పెరుగుతుంది గాని బలం పోతుంది, గేదె కాడ వదిలి ఆకు తింటుంది. కోసిన తరువాత తడి ఉంటే 60 సెంట్లకు 12 కిలోల యూరియా చాలు. అది గినీ సాళ్లకే, స్టైలోకు అక్కరలేదు.

ఎంత మేత వచ్చిందో అంచనా కావాలంటే ఒక మీటరు చదరం కోసి తూచండి. ఉదాహరణకు కిలోన్నర తూగితే 60 సెంట్లకు, అంటే 2,400 చదరపు మీటర్లకు 3,600 కిలోలు. గేదెకు రోజుకు 25 కిలోల చొప్పున రెండు గేదెలకు 72 రోజులు. ఒక కొస నుండి రోజూ కొంత కోసుకుంటూ పోతే ఆ కొసకు చేరేసరికి ఈ కొస మళ్లీ కోతకు వస్తుంది. కొత్త మేత ఒక్కసారిగా మార్చకుండా వారం రోజుల్లో కొద్దికొద్దిగా పెంచండి. నరికి వరిగడ్డితో కలిపి పెడితే వృథా పోదు.

మామిడికి అన్యాయం చేయవద్దు

ఇక చాలా ముఖ్యమైన మాట. గడ్డి కోసం మామిడిని పోగొట్టుకోవద్దు. కాపుకొచ్చిన మామిడికి పూతకు ముందు రెండు మూడు నెలలు నీరు పెట్టకూడదని మీకు తెలుసు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు చెట్టు ఎండాలి, అప్పుడే పూత. ఆ రోజుల్లో గడ్డికని నీరు పెట్టినా, యూరియా చల్లినా చెట్టు చిగుళ్లు వేస్తుంది, పూత పోతుంది. కనుక కాపు తోటలో గడ్డిని వానాధారంగానే పెంచాలి. యూరియా సెప్టెంబరుతో ఆపాలి. ఏడాది పొడుగునా నీరు పెట్టి కోయదలచిన గడ్డికి వేరే చోటు చూసుకోండి.

రెండోది మందుల సంగతి. పూత దశలో తేనెమంచు పురుగుకు, బూడిద తెగులుకు మందు కొడతాం. ఆ మందు ఆకుల నుండి కారి కింద గడ్డి మీద పడుతుంది. ఆ గడ్డి గేదె తింటే కొన్ని మందులు పాలలోకి వస్తాయి. ఆ పాలు ముందు తాగేది మన పిల్లలు, తరువాత తాగేది మనల్ని నమ్మి కొన్న పట్నంలోని తల్లులు. కాబట్టి నవంబరు నెలాఖరుకు గడ్డి మొత్తం కోసేయండి. ఎక్కువైనది నీడలో ఎండబెట్టి వాము వేయండి. మొదటి మందు కొట్టిన రోజు నుండి కాయ కోత పూర్తయి, మళ్లీ తొలకరికి కొత్త చిగురు వచ్చేవరకు చెట్ల కింది గడ్డి పశువుకు వేయకండి. మందు డ్రమ్ములు కుడితి తొట్టి దగ్గర కడగకండి. గడ్డి పోయినా ఫరవాలేదు, సంఘం పాలకున్న నమ్మకం పోతే మళ్లీ రాదు.

నవంబరులో కోసేయడంలో ఇంకొక లాభం ఉంది. వేసవిలో ఎండిన గినీ దుబ్బులు చుట్ట నిప్పుకే అంటుకుంటాయి, ఇరవై ఏళ్ల చెట్టు ఒక్క పూటలో మాడుతుంది. కాయ కోసేవారికి పాముల భయం కూడా తగ్గుతుంది.

ఒకరి దుబ్బు పదిమందికి

చివరగా సంఘానికి ఒక మనవి. గడ్డి విత్తనం ప్రతి ఏడూ కొనవలసినది కాదు. ఒక్కసారి కుదురుకున్న గినీ దుబ్బును రెండో తొలకరికి తవ్వి విడదీస్తే పది పదిహేను పిలకలు వస్తాయి. ఆ పిలకలను ఆకులు కత్తిరించి నాటితే గింజ కంటె తేలికగా బతుకుతాయి. మొలక పరీక్ష అక్కరలేదు, లోతు భయం లేదు. ఈ ఏడు బోరు ఉన్న ఇద్దరు సభ్యులు ఐదేసి సెంట్లలో సంఘం తెప్పించిన విత్తనంతో నారు పోసి నాటితే చాలు. మరుసటి ఏడు ఆ దుబ్బులే ఊరంతటికి విత్తనం. పిలకలు తీసుకున్న ప్రతివారూ పై ఏడు ఇంకొక ఇద్దరికి ఇవ్వాలని సంఘం పుస్తకంలో రాసుకోండి. గేదె ఒక్కటే ఉన్నవారికి, సొంత తోట లేక గట్టు మాత్రమే ఉన్నవారికి ముందు ఇవ్వండి. వారికే మేత ఎక్కువ కరువు.

పాలు లీటరు లీటరు కలిపితే డబ్బా నిండుతుంది, డబ్బా డబ్బా కలిపితే లారీ నిండుతుంది. ఆ పద్ధతి మీకు నేను చెప్పనక్కరలేదు. గడ్డిలో కూడా ఆ పద్ధతే పాటించండి. ఈ మే నెలలో మీ ఇంట్లో ఒక మూకుడు, నూరు గింజలు, మూడు వారాల ఓపిక పెట్టండి. మొలిచిన లెక్క తొలకరి సమావేశానికి రాసుకొని రండి. దాని మీద మాట్లాడుకొని విత్తుదాం.